మిషిన్ మింగిన మాట

పొద్దున ఆరు కొట్టేసరికల్లా రుక్కమ్మ అద్దాల బిల్డింగు తొమ్మిదో అంతస్తులో మాప్ కర్ర పట్టుకుని నిలబడి ఉండేది. ఆ అంతస్తు ఎంత పొడవంటే, ఈ చివర తుడవడం మొదలుపెట్టినప్పుడు ఉద్యోగంలో చేరిన పిల్ల, మాప్ ఆ చివరకు పోయేసరికి టీమ్ లీడయి, పెళ్లి చేసుకుని, ఇంకో కంపెనీకి ఎగిరిపోయేది. ఏసీ ఎంత చల్లనంటే కుండీల్లోని ప్లాస్టిక్ మొక్కలకు జలుబు చేసేది. రుక్కమ్మ బకెట్టులో ఫినాయిల్ ఒంచి, ముక్కుకు కొంగు కట్టుకుని, వంగి తుడుచుకుంటూ పోయేది. ఆమె వంగినప్పుడల్లా ఆమె ఛాతీలో పిల్లి అరిచేది.

లోకంలో ఆయాసమున్న వాళ్లందరికీ పిల్లికూతలుంటాయి. రుక్కమ్మకు కూతలతో పాటు పిల్లి కూడా ఉంది. ఎడమ పక్క, జాకెట్టు రెండో హుక్కుకు కాస్త కింద ముడుచుకుని పడుకునేది. మెట్లెక్కితే లేచేది. ఫినాయిల్ వాసనకు ఒళ్లు విరుచుకునేది. కోడి కూసే వేళకు మాత్రం గోళ్లు బయటికి తీసి, పరుపు చీరినట్టు ఊపిరితిత్తుల్ని చీరేది.

ఆఫీసులో అందరికీ అలవాటే. వీడియో మీటింగులో అటువైపు దేశంవాళ్లు, "ఎవరి దగ్గరో పిల్లి ఉన్నట్టుంది, కాస్త మ్యూట్ చేస్తారా" అనేవాళ్లు. ఇటువైపు వాళ్లు, "అది రుక్కమ్మదండీ, ఇప్పుడే వెళ్లిపోతుంది" అని పని చూసుకునేవాళ్లు.

పిల్లి వచ్చి మూడేళ్లు. అద్దాల బిల్డింగుకు ఎదురుగా నల్లగుట్ట ఉండేది. ఆ గుట్టను పగలగొట్టడం మొదలుపెట్టిన ఎండాకాలమే పిల్లి చేరింది. గుట్ట మీద రుక్కమ్మ మొగుడు లింగమూర్తి వాళ్ల తాత మేకలు కాసేవాడు. తాత మేకలు కాసిన గుట్టకు మనవడు ఇప్పుడు గేటు కాస్తున్నాడు. నీలం యూనిఫాం, భుజం మీద ఎర్ర తాడు, తాడుకు విజిల్. ఆ విజిల్ ఊదితే లింగంపల్లి స్టేషన్లో రైళ్లు ఆగేవని బస్తీలో చెప్పుకునేవాళ్లు. రైళ్ల సంగతేమో గానీ, రాళ్లు తొలిచే మిషిన్లు మాత్రం ఆగేవి. సరిగ్గా ఒంటి గంటకు లింగమూర్తి కొండంత ఊపిరి తీసుకుని ఊదేవాడు. ఏడు మిషిన్లు ఒక్కసారి నోరు మూసుకుని, రెండింటి దాకా మళ్లీ తెరిచేవి కావు. అప్పుడు పడే నిశ్శబ్దంలో చీమ తుమ్మినా వినబడేది. ఆ విజిల్ విన్నాకే రుక్కమ్మ సద్ది డబ్బా పట్టుకుని రోడ్డు దాటి, గేటు పక్క గదిలో మొగుడితో కూర్చుని తినిపోయేది.

"మా తాతకు మేకలు గూడ భయపడకపోతుండె. నాకు మిషిన్లు భయపడ్తయి," అనేవాడు లింగమూర్తి, బుక్కకూ బుక్కకూ మధ్య. గుట్ట చేజారినా, గేటు చేతిలో ఉందన్నది అతని లెక్క.

గుట్ట దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. బస్తీలో కాకులు కొంగలయ్యాయి. ఉప్పు డబ్బా, పిండి డబ్బా నాలుకతో తప్ప తేడా తెలిసేది కాదు. సాయంత్రం లింగమూర్తి ఇంటికొచ్చి, ఒక్కటే గదిలో, రుక్కమ్మ పక్క వేసుకునే చోటికి సరిగ్గా పైనున్న మేకుకు యూనిఫాం అంగీ తగిలించేవాడు. అంగీలోంచి గుట్ట కొంచెం కొంచెంగా రాలేది. రుక్కమ్మ ఛాతీలో పిల్లి ఆ దుమ్మును గిన్నెడు పాలు తాగినట్టు చప్పరిస్తూ తాగేది.

చెయ్యని వైద్యం లేదు. ఆవిరి పట్టింది. కర్పూరం రాసుకుంది. మృగశిర కార్తెకు లైన్లో నిలబడి చేపమందు మింగింది. బతికున్న చేప గొంతు దిగగానే పిల్లి తోక నిలబెట్టింది. వారం రోజులు కిక్కురుమనలేదు. ఎనిమిదోనాడు లేచి, కిలో బరువు పెరిగి, ఇంకో చేప కోసం అరిచింది.

అప్పుడే తొమ్మిదో అంతస్తులో శిరీష ఆమెను పట్టుకుంది. కడప పిల్ల, టీమ్ లీడు. ఆమె ఛాతీలోనూ ఒకటుంది గానీ అది కూన. పూల సంచీలోంచి శిరీష ఒక పంపు తీసి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పీల్చేది. కూన ఆ పంపుకు ఎంత బుద్ధిమంతురాలయిందంటే, ఆవలించడానికి కూడా శిరీష ముఖం చూసేది.

"ఏమక్కా, ఇంత లావు పిల్లిని పెట్టుకోని యాడికీ చూపించకుండా తిరుగుతాండావా?" అంది శిరీష. "పా, నా డాక్టర్ దగ్గరికి పోదాం."

"నాకు పంపులొద్దు బిడ్డా. అలవాటైతయంట గద."

"అన్నం అలవాటు కాలేదా? నీళ్లు అలవాటు కాలేదా? గాలి అలవాటైతే నీకొచ్చిన నష్టమేంది?"

ఊపిరితిత్తుల డాక్టరు ప్రవీణ గది ఎంత తెల్లగా ఉందంటే లింగమూర్తి చెప్పులు బయటే కాదు, మెట్ల కిందే విడిచాడు. డ్యూటీ మధ్యలో వచ్చాడు కాబట్టి యూనిఫాం మాత్రం ఒంటి మీదే ఉంది. ప్రవీణ రుక్కమ్మ చేత గొట్టంలోకి ఊదించింది. కంప్యూటర్లో గీత పైకి లేచి, సగంలో వంగి, తోకలా కిందికి పడింది.

"ఇదిగోమ్మా, ఇక్కడ కూర్చుంది," అని డాక్టరమ్మ వంపు మీద వేలు పెట్టింది. తర్వాత స్టెతస్కోపు పెట్టి విన్నది. "ఆడపిల్లి. మూడేళ్లుంటాయి. తిండి బాగా దొరుకుతోంది దీనికి."

రెండు పంపులు రాసింది. గోధుమరంగుది రోజూ రెండు పూటలా, పిల్లి అరిచినా అరవకున్నా పీల్చి నోరు పుక్కిలించాలి. అది పిల్లికి ఆకలి చంపుతుంది. నీలంది పిల్లి మీదపడినప్పుడు పీల్చాలి. అది అప్పటికప్పుడు గోళ్లు ముడుచుకునేలా చేస్తుంది.

"ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. పిల్లి అరుస్తోందంటే లోపల గాలి ఆడుతోందని అర్థం. ఆయాసం అలాగే ఉండి, అరుపు ఒక్కటే ఆగిందనుకోండి, సంబరపడొద్దు. పరుగెత్తుకు రండి." ఆమె కలం మూసి తలెత్తింది. "ఇంట్లో దుమ్ము ఎక్కడి నుంచి వస్తోంది?"

  అందరి చూపూ లింగమూర్తి అంగీ మీద పడింది. లింగమూర్తి చూపు సీలింగ్ ఫ్యాను మీద పడింది.

"ఆ చొక్కా గడప బయటే విప్పాలి. వీలైతే ఆ పనే మారాలి," అంది ప్రవీణ.

పంపులు కొనుక్కుని ఇంటికొచ్చే దారి పొడుగునా, రుక్కమ్మ వాటిని పీల్చిన వారం పొడుగునా లింగమూర్తి గునుస్తూనే ఉన్నాడు. "పంపంటే సైకిల్ ట్యూబుకు కొడ్తరు. మనిషికి గాలి కొట్టుడేందే? మూసాపేటల రంగనాథ్ సారున్నడు. నాడి పట్టుకుంటే ఏడు తరాల దగ్గు చెప్తడు. ఆడికి పోదాం."

పోయారు. రంగనాథ్ ఇల్లు మెట్రో పిల్లరు వెనక. మూడు తరాల కల్వం ఆ ఇంట్లో నూరుతూనే ఉంటుంది. ఆ వాసనకు మెట్రో ఎక్కేవాళ్లకు టికెట్ లేకుండానే జలుబు తగ్గేది. వైద్యుడు రుక్కమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"నాలుగు కాళ్లు, ఒక తోక," అన్నాడు కాసేపటికి. "కఫం పరుపేసింది. వాతం జోకొడుతోంది. దీన్ని తమక శ్వాస అంటాం. అంటే కళ్లకు చీకటి కమ్మే ఆయాసం."

అడ్డసరం ఆకు కషాయం ఇచ్చాడు. పిప్పలి పొడి తేనెలో చాదుకోమన్నాడు. సైంధవ లవణం కలిపిన నువ్వుల నూనె వెచ్చజేసి ఛాతీకి రాసి, కాపడం పెట్టుకోమన్నాడు. పెరుగూ, అరటిపండూ, ఫ్రిజ్ నీళ్లూ నలభై ఒక్క రోజులు ముట్టుకోవద్దన్నాడు. లింగమూర్తి ముఖం వెలిగింది. వైద్యమంటే గిట్లుండాలె అన్నట్టు పెళ్లాం వైపు చూశాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు," అన్నాడు రంగనాథ్. "రోగం ఏ దారిన వచ్చిందో ఆ దారి మూయడం ఒక ఎత్తు. అది చెయ్యకుండా నేను బస్తాడు పిప్పలి పోసినా దండగే. ఇంత దుమ్ము ఎక్కడిదమ్మా?"

వైద్యుడి చూపు మెల్లగా నీలం అంగీ మీదికి పోయింది. లింగమూర్తి చూపు ధన్వంతరి క్యాలెండర్ మీదికి పోయింది. ఆ డాక్టరమ్మ చదివిన పుస్తకం ఈ వైద్యుడు చూడలేదు, ఈ వైద్యుడి శ్లోకం ఆ డాక్టరమ్మ వినలేదు. ఎక్కడా కలవని రెండు దారులూ వచ్చి లింగమూర్తి అంగీ దగ్గర కలిశాయి.

ఆ సాయంత్రం కూడా అంగీ అదే మేకుకు వేలాడింది. గడప బయట బనీనుతో నిలబడడం లింగమూర్తి వల్ల కాలేదు. బస్తీలో నలుగురూ వచ్చీపోయే తొవ్వ అది. ఆ నలుగురూ అతన్ని 'గేటు సారూ' అని పిలిచేది ఆ అంగీని చూసే.

"పంపు సంగతి వైద్యునికి చెప్పనేలేదు మనం," అంది రుక్కమ్మ పిప్పలి నాకుతూ. "రెండు మందులు కలిస్తే ఏమన్నయితదేమో. జర ఫోన్ జేసి అడుగు."

"రేపడుగుత తియ్యి."

మర్నాడు ఒంటి గంటకు లింగమూర్తి విజిల్ ఊదాడు. రుక్కమ్మ సద్ది తెచ్చింది. జొన్నరొట్టె, వంకాయ కూర, ఆమెకు వేడినీళ్ల సీసా. తిన్నాక ఆమె గది వెనక నల్లా దగ్గర డబ్బా కడుగుతుంటే, లింగమూర్తి గేటు దగ్గర నిలబడి వైద్యుడికి ఫోన్ చేశాడు. రుక్కమ్మకు అతని పెదాలు కదలడం కనబడింది గానీ, మాట వినబడలేదు. వంగి తోముతోంది కదా, ఆమె చెవుల నిండా ఆమె పిల్లి అరుపే.

ఉన్నట్టుండి పిల్లి అరవడం ఆపి, చెవులు నిక్కబొడుచుకుంది. ఛాతీలో ఆ చెవుల కొసలు గుచ్చుకోవడం రుక్కమ్మకు తెలిసింది. ఫోన్ పెట్టేదాకా పిల్లి అలాగే కూర్చుంది. తర్వాత ఒక్క చుట్టు తిరిగి, మళ్లీ పడుకుంది.

"ఏమన్నడు?" అని అడిగింది రుక్కమ్మ, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఆపు అన్నడు."

"పంపు ఆపమన్నడా?"

"నలభై ఒక్క దినాలు పూరాగ ఆపు అన్నడు. రెండు మందులు లోపల కొట్లాడుకుంటయంట. ఇటియ్యి."

రెండు పంపులూ తీసుకుని, గేటు గదిలో రిజిస్టర్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మొదటి వారం ఫరవాలేదు. పిప్పలి మహిమో, గోధుమరంగు పంపు మిగిల్చిపోయిన మందో, పిల్లి మామూలుగానే అరిచింది. రెండో వారం దానికి ఆకలి పుట్టింది. ఆ పిల్లి ఆకలి ఏమని చెప్పేది. రుక్కమ్మ మంచినీళ్ల ట్యాంకరు పక్క నుంచి నడిస్తే టైర్ల దుమ్ము లేచొచ్చి ఆమె ముక్కులో దూరేది. లింగమూర్తి అంగీ మేకు నుంచి తనంతట తానే ఊగేది. పిల్లి పెరిగి పెరిగి, తోక పెట్టుకోను చోటు లేక గొంతులోకి చాపింది. రుక్కమ్మ నాలుగు మాటల వాక్యాన్ని నాలుగుసార్లు ఆగి చెప్పేది.

"పథ్యం పని జేస్తున్నది," అనేవాడు లింగమూర్తి. "మందు రోగాన్ని గుంజేటప్పుడు గట్లనే ఉంటది."

"డాక్టరమ్మకు... ఒక్కసారి..."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకు. నలభై ఒక్కటి కానియ్యి."

పదిహేడో రోజు పొద్దున పిల్లి అరవలేదు.

కోడి కూసింది. పాలప్యాకెట్ల బండి వచ్చింది. బస్తీ లేచింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం మూడేళ్లలో లేదు. లింగమూర్తి పక్కమీద లేచి కూర్చుని, చెవి పెట్టి విని, మళ్లీ విని, నవ్వాడు. రుక్కమ్మ గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, భుజాలు ఎగరేసి దించుతోంది. అతను విన్నది చప్పుడు లేకపోవడాన్ని. చూడాల్సింది చూడలేదు.

"పోయిందే రుక్కీ. పిల్లి పోయింది."

ఆమె తలూపింది. ఔనని ఊపిందో కాదని ఊపిందో చెప్పే గాలి ఆమె దగ్గర లేదు. అలాగే లేచి, డ్యూటీకి పోయింది. పోకపోతే నాగా పడుతుంది మరి. మాప్ కర్రను ఊతకర్ర చేసుకుని పూట గడిపింది. తొమ్మిదో అంతస్తులో మీటింగులు నిశ్శబ్దంగా జరిగాయి.

ఒంటి గంటకు విజిలయ్యాక ఆమె రోడ్డు దాటలేదు. అద్దాల బిల్డింగు మెట్ల మీదే కూర్చుండిపోయింది. లింగమూర్తి మిఠాయి పొట్లం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. గేటు పనివాళ్లకు ఇచ్చిందిపోగా అయిదు బూందీ లడ్లున్నాయి. చాయ్ కప్పుతో కిందికి దిగిన శిరీష అతనికి ఎదురుపడింది.

"మేడం, తీపి తినుండ్రి. రుక్కమ్మ పిల్లి పోయింది. ఆయుర్వేదమంటే ఏమనుకున్నరు."

శిరీష లడ్డు వైపు చూడలేదు. రుక్కమ్మ వైపు చూసింది. మెడ నరాలు తాళ్లలా లేస్తున్నాయి. గొంతు కింద గుంట లోపలికి పోతోంది. పెదాలు నేరేడు రంగుకు తిరుగుతున్నాయి. శిరీష మోకాళ్ల మీద కూర్చుని ఆమె ఛాతీకి చెవి ఆనించింది.

"పిల్లి పోలేదన్నా," అంది లేస్తూ. "అరిచేదానికి గాలి లేదు దానికి. పంపేదీ?"

"పంపు... వైద్యుడు ఆపుమన్నడు."

శిరీష చేతిలోని కాగితం కప్పులోంచి చాయ్ పారబోసింది. కప్పు అడుగున తాళంచెవితో పొడిచి కంత చేసి, అందులో తన పూల సంచీలోని నీలం పంపు దూర్చి, కప్పును రుక్కమ్మ ముక్కూ నోటి మీద బోర్లించింది. ఒక్క నొక్కు, నాలుగు ఊపిర్లు. మళ్లీ ఒక్క నొక్కు. పది నొక్కులయ్యేసరికి కారొచ్చింది. కారు ఫ్లైఓవరెక్కేసరికి ఇంకో పది. ఆ ఫ్లైఓవరు మీద ఆ రోజు కూరుకుపోయిన బండ్లను వరసగా పెడితే కర్నూలు దాకా వచ్చేవి. లింగమూర్తి దిగి, బండ్ల మధ్య పరుగెత్తుతూ విజిల్ ఊదాడు. లడ్ల పొట్లం ఇంకా చేతిలోనే ఉంది.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. మాస్కులో మందు పొగ పోశారు. సూదులేశారు. గంటన్నర తర్వాత ప్రవీణ స్టెతస్కోపు పెట్టి వింటుంటే, ఎక్కడో పాతాళంలోంచి సన్నగా ఒక్క కూత వచ్చింది. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. "అరిచింది. ఇక బతుకుతుంది," అంది.

మూడోనాడు మధ్యాహ్నం రంగనాథ్ కూడా చూడ్డానికొచ్చాడు. ఇద్దరు వైద్యులూ ఒక మంచం దగ్గర నిలబడితే కొట్లాట తప్పదని పక్క మంచాలవాళ్లు దుప్పట్లు తొలగించి సర్దుకు కూర్చున్నారు. కొట్లాట జరగలేదు.

"మీ కషాయంతో నాకు పేచీ లేదండీ," అంది ప్రవీణ. "పంపు ఎందుకు ఆపించారు?"

"నేనా?" అన్నాడు రంగనాథ్. "నేను ఆపొద్దని కదా చెప్పాను. కషాయం కషాయమే, పంపు మాత్రం ఆపొద్దు అన్నాను. ఏం లింగమూర్తీ?"

లింగమూర్తి మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అంగీ గుండీ తిప్పుకుంటూ అన్నాడు: "సైటుల మిషిన్ల సప్పుడు సార్. 'ఆపు' దాకనే ఇనొచ్చింది. 'ఒద్దు' మిషిన్ మింగింది."

అంతా నిట్టూర్చారు. తెలుగులో వద్దనే మాట తోకలో ఉంటుంది. తోక తెగితే ప్రాణమే పోతుంది. "పాపం, మనిషి తప్పు కాదు," అన్నాడు రంగనాథ్. ప్రవీణ కూడా తలూపింది. శిరీష లింగమూర్తి భుజం తట్టింది. మిషిన్ను ఎవరేమనగలరు?

మాస్కు కింద రుక్కమ్మ గోడ గడియారం వైపు చూస్తోంది. ఒంటి గంట. ఆమె చూపు గడియారం మీంచి దిగి, లింగమూర్తి మెడలోని విజిల్ మీద ఆగింది. అక్కణ్నుంచి కదల్లేదు.

అప్పుడు పిల్లి లేచింది. రుక్కమ్మకు చిన్న దగ్గు తెర వచ్చింది. మాస్కు అంచు కింద నుంచి ముందు మీసాలు, తర్వాత తల, తర్వాత బూడిదరంగు ఒళ్లంతా బయటికొచ్చింది. దుప్పటి మీద నిలబడి ఒళ్లు విదిలించుకుంది. గుప్పెడు గుట్ట దుమ్ము రాలింది. మంచం దాటి లింగమూర్తి ఒళ్లోకి దిగింది. అతను అలవాటు కొద్దీ దాని తల నిమిరాడు. అది అతని ముఖంలోకి ఒకసారి చూసి, అంగీ మూడో గుండీ సందులోంచి లోపలికి పోయింది.

నర్సు వచ్చి కేసు షీటులో రాసుకుంది: పిల్లి మొగుడికి మారింది.

నాలుగోనాడు ఇంటికి పంపారు. ఆరోనాడు లింగమూర్తి డ్యూటీకెక్కి, ఒంటి గంటకు కొండంత ఊపిరి తీసుకుని విజిల్ ఊదాడు. విజిల్ మ్యావ్ అంది.

మిషిన్లు ఆగలేదు. మళ్లీ ఊదాడు. మళ్లీ మ్యావ్. వారం పాటు పనివాళ్లు రెండింటి దాకా ఆకలితో రాళ్లు తొలిచారు. ఎనిమిదోనాడు సైటు సూపర్‌వైజర్ శివ వచ్చి, మర్యాదగానే చెప్పాడు. "ఏమనుకోకు కాకా. పిల్లి కూతకు మిషిన్లు ఆగయి. అంగీ, విజిల్ ఇచ్చి పో."

అలా నీలం అంగీ మేకు మీంచి దిగింది. రెండు శాస్త్రాలు కలిసి చెప్పినా మూసుకోని దారి ఆ రోజు మూసుకుంది. బస్తీలో అతన్ని గేటు సారూ అని ఎవరూ పిలవడం లేదు. రుక్కమ్మ తొమ్మిదో అంతస్తులో ఒక్క కూతా లేకుండా తుడుచుకుంటూ పోతోంది. పిల్లి లేదన్న సంగతి శిరీష తప్ప ఎవరూ గమనించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లింగమూర్తికి గట్టిగా వచ్చింది. గోడకు ఆనుకుని, చేతులు మోకాళ్ల మీద మోపి, భుజాలు ఎగరేస్తున్నాడు. పిల్లి అతనిలో ఇల్లంతా తనదే అన్నట్టు అరుస్తోంది. ప్రవీణ అతనికి రాసిన నీలం పంపు రుక్కమ్మ కొంగు ముడిలో ఉంది. చేయి చాపాడు.

రుక్కమ్మ ముడి విప్పి, పంపు తీసి, అరచేతిలో పెట్టుకుంది.

"ఆ దినం వైద్యుడు ఏమన్నడు?"

"మిషిన్... సప్పుడు..."

"ఒంటి గంటకు విజిల్ ఊదింది నువ్వే. మిషిన్లు బంద్ అయినంకనే నేను సద్ది దెచ్చిన. మనం తిన్నం. నేను డబ్బా కడిగిన. గప్పుడు చేసినవ్ ఫోను. మిషిన్ యాడిది, సప్పుడు యాడిది? ఏమన్నడు?"

"ఆపు..."

"పూరా చెప్పు."

లింగమూర్తి ఉన్న ఊపిరంతా పోగేసుకున్నాడు. ఏడు మిషిన్లను ఆపడానికి కూడా అంత ఊపిరి ఎన్నడూ తీసి ఉండడు.

"ఆపొద్దు... అన్నడు."

ఆమె వెంటనే పంపు అతని నోటికి పెట్టి నొక్కింది. ఆగి, మళ్లీ నొక్కింది. పిల్లి గోళ్లు ముడుచుకునేదాకా వీపు రాసింది. అతను గోడ వైపు తిరిగి అన్నాడు: "ఇద్దరు డాక్టర్లు నా అంగీనే జూసిరి రుక్కీ. పంపు లేకుండ, అంగీ ఉండంగనే నీకు నయమైతే, తప్పు నాది గాదు గద అనుకున్న. గంతే."

"గంతేనా," అంది రుక్కమ్మ. పంపు మూత పెట్టి, కొంగులో ముడేసుకుంది. "అంగీ ధర పిరం. నేను అగ్గువ."

అప్పటి నుంచి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, గోధుమరంగు పంపు ఇచ్చే ముందు ఆమె అదే మాట అడుగుతుంది. అతను అదే మాట చెబుతాడు. తర్వాత పీల్చి, నోరు పుక్కిలిస్తాడు. కేక వెయ్యదు, కన్నీరు పెట్టదు. రొట్టె కాలిందా అని అడిగినట్టు అడుగుతుంది.

నెల దాటాక చూపించుకోవడానికి పోయారు. ప్రవీణ గొట్టంలోకి ఊదించి, గీత చూసి, కొంచెం నయమే అంది. లింగమూర్తి ఒకసారి పెళ్లాం కొంగు ముడి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది ఇంకెన్ని దినాలు డాక్టరమ్మా?"

"జీవితాంతం," అంది ప్రవీణ, చీటీలోంచి తలెత్తకుండా.

ఆమె అన్నది పంపు గురించే. రుక్కమ్మ మాత్రం, అలాగేనండీ అన్నట్టు, తలూపింది.